సోమశిల నీళ్ళ పక్కన టెంటు, ఉదయగిరి దుర్గం ఎక్కడం: ఒంగోలు నుంచి అడిగినవారికి

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు నా మాటల్లో చెప్పుకుంటా, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. ఒంగోలు నుంచి సొంత కారు, మీరూ మీ ఆవిడా, పదేళ్ళ పాప, పధ్నాలుగేళ్ళ బాబు, అరవై రెండేళ్ళ అమ్మగారు. సంక్రాంతి సెలవుల్లో రెండు రాత్రులు. కొత్తగా టెంటు కొన్నారు. పెద్ద చెరువు ఒడ్డున పార్కు లాంటి చోటు, అక్కడే టెంటు, పక్కనే బాగు చేసిన పాత కోట, ఇవన్నీ నెల్లూరు జిల్లాలో ఒకే చోట ఉన్నాయా, ఉదయగిరి అలాంటిదేనా అని అడిగారు.

లేదండి. ఉదయగిరి అలాంటిది కాదు. కోట ఉదయగిరిలో, నీళ్ళు సోమశిలలో, మధ్యలో కారులో గంటన్నర ప్రయాణం. పైగా ఆ కోటని మీరు అనుకునేటట్టు ఎవరూ బాగు చేసి పెట్టలేదు. అభివృద్ధి చేస్తాం అనే వార్త మాత్రం నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పేపర్లో వస్తూనే ఉంది. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యా, ఆత్మకూరు వైపు మనిషిని, కాలేజీ రోజుల నుంచి ఆ దుర్గం ఎక్కుతున్నా. (మా వైపు కొండని 'దుర్గం' అంటాం, ఊళ్ళో దారి అడిగేటప్పుడు మీరూ అలాగే అడగండి.) అందుకే నీళ్ళ గురించీ, పాత గోడల గురించీ కాస్త ఎక్కువ మాట్లాడతా, ఓపిక పట్టండి.

అన్నీ ఒకే చోట కావాలనుకుంటే గండికోటకి వెళ్ళండి, అది కడప జిల్లా. అక్కడ టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, టూరిజం వాళ్ళ హోటల్ ఉంది, మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, జైలు, అన్నీ కాలు పెద్దగా నొప్పి పుట్టకుండా చూడొచ్చు. లోయలో పెన్న. ఒంగోలు నుంచి ఐదారు గంటలు పడుతుంది, సంక్రాంతి సెలవుల్లో జనం కూడా తిరునాళ్ళలా ఉంటారు. టెంటు ముందే మాట్లాడుకోకపోతే మాకు జరిగినట్టే జరుగుతుంది: ఫోన్లో అడ్వాన్స్ తీసుకున్న మనిషి మేం వెళ్ళేసరికి జిప్పు రాని రెండు టెంట్లు చూపించాడు, రాత్రంతా క్లిప్పులు పెట్టుకుని పడుకున్నాం. టెంటు వద్దు, చక్కగా బాగు చేసిన కోట చాలు అంటే తిరుపతి పక్కన చంద్రగిరి ఉంది, రాజమహల్లోనే మ్యూజియం, శుక్రవారం మాత్రం మూసేస్తారు. అమ్మగారికి అది సుఖం.

ఇక మీరు నెల్లూరు జిల్లాకే వస్తానంటే నా సలహా: మొదటి రాత్రి సోమశిల దగ్గర టెంటు, రెండో రాత్రి ఉదయగిరిలో లాడ్జి, మూడో రోజు తెల్లారకముందే దుర్గం. ఈ వరస మార్చకండి. చాలామంది ముందు కొండెక్కి, అదే సాయంత్రం సోమశిల వచ్చి చీకట్లో టెంటు వేయబోయి భార్యాభర్తలు పోట్లాడుకుంటారు. మేమూ పోట్లాడుకున్నాం లెండి.

సోమశిల సంగతి. పెన్న వెలిగొండల్ని చీల్చుకుని మన జిల్లాలోకి దిగే చోట కట్టిన డ్యామ్ అది, నిండితే 78 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు). గండికోటలో మీరు లోయలో చూసే నీళ్ళే మైలవరం దాటి, దారిలో కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు కలుపుకుని ఇక్కడికొస్తాయి. నెల్లూరు వరికీ, చెన్నై కుళాయికీ ఇక్కడి నుంచే వెళ్తాయి, చెన్నైకి పోయేవి కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో. వెనక నీళ్ళు కడప జిల్లా దాకా పరుచుకుని ఉంటాయి, ఎదురుగా కొండలు. పొద్దున ఆరున్నరకి పొగమంచు నీళ్ళ మీద నుంచి లేస్తుంటే థర్మాకోల్ షీట్లు తాళ్ళతో కట్టిన తెప్ప మీద ఒక మనిషి గొంతుక్కూర్చుని, రెండు చేతులకీ రెండు చెక్క ముక్కలు పట్టుకుని, వాటితోనే నీళ్ళు తోసుకుంటూ వల ఎత్తడానికి పోతుంటాడు. తెప్ప ఇంత వెడల్పు, మన భోజనాల బల్ల అంత. దాని మీద మనిషి, వల, చేపలు, ఒక సద్ది గిన్నె. పిల్లలకి అది చూపించండి. ఎక్కిస్తాం అన్నా ఎక్కించకండి. లైఫ్ జాకెట్ లేని దేని మీదా పిల్లల్ని నీళ్ళ మీదికి పంపొద్దు, ఎండాకాలంలో తీసిన మట్టి గుంతలు నీళ్ళ కింద కనపడవు, ఒడ్డున మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల తర్వాత మనిషి లోతు అవుతుంది.

టెంటు ఎక్కడ వేయాలి అన్నది మీ ప్రశ్నలో ఒక్క ముక్క, నా సమాధానంలో ఇదే పెద్దది.

డ్యామ్‌కి కింద, అంటే ఏట్లో, ఇసుక ఎంత మెత్తగా కనపడినా వేయకండి. గేట్లు ఎత్తేది మిమ్మల్ని అడిగి కాదు. సైరన్ వేస్తారు, నిజమే, కానీ నిద్రలో ఉన్న పిల్లల్నీ పెద్దావిడనీ లేపి, టార్చి వెతికి, ఇసుకలో నడిపించడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి ఆలోచించండి. వరద అంటే ఏంటో లెక్క చెప్తా: క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, పదకొండున్నర వేల క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. 2021 నవంబరులో పైన చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు సోమశిలకి ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. అదే ఊపు ఒక రోజంతా ఉంటే నలభై మూడు టీఎంసీలు, డ్యామ్‌లో సగానికి పైన ఒక్క రోజులో. ఆ వరదకి డ్యామ్ కింద ఆప్రానూ (నీళ్ళు దూకే చోట వేసిన కాంక్రీటు నేల), పక్కనున్న శివాలయమూ దెబ్బతిన్నాయి, నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ, హైవే కూడా తెగాయి. సంక్రాంతికి అలాంటిది రాదు. అయినా ఏట్లో పడుకునే అలవాటు మంచిది కాదు.

డ్యామ్ పైన, వెనక నీళ్ళ ఒడ్డున కూడా ఒక తిరకాసుంది. ఒడ్డు చాలా చదును. వందడుగులకి ఒక అడుగు వాలు ఉన్న చోట నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే నీళ్ళు మీ వైపు వందడుగులు నడిచొస్తాయి. నేను ఇరిగేషన్ ఉద్యోగినే కదా, ఈ లెక్క నాకు తెలియక కాదు, ఒకసారి నవంబరులో బావమరిది వాళ్ళతో వెళ్ళి, నీళ్ళకి బాగా దూరంగానే ఉన్నాంలే అని పడుకున్నా. తెల్లవారుజామున నాలుగింటికి మా ఆవిడ లేచి బయట చెప్పులు లేవంది. కుక్క ఎత్తుకుపోయుంటుందిలే అన్నా. టార్చి వేస్తే నాలుగు జతలూ వరసగా తేలుతున్నాయి. టెంటు గడపకి జానెడు దూరంలో నీళ్ళు, చప్పుడు లేదు, అల లేదు, అలా నిలబడి ఉన్నాయి. ఆ రోజు నుంచి సాయంత్రం నీటి అంచులో ఒక పుల్ల గుచ్చుతా, భోజనాలప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చూస్తా. పుల్ల నీళ్ళలోకి పోయిందంటే టెంటు ఎత్తడమే, ఆలోచన లేదు. మీ పాపకి ఆ పని అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తుంది.

డ్యామ్ ఆవరణలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయనివ్వరు, వేయకూడదు కూడా. అక్కడున్న సిబ్బందిని అడగండి, ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. నేనైతే మీలాంటి కుటుంబానికి చెప్పేది, నీళ్ళు కనపడే ఎత్తులో ఎవరిదైనా నిమ్మతోట గానీ బత్తాయితోట గానీ చూసుకుని, మధ్యాహ్నమే వెళ్ళి, రైతుని అడిగి, ఆయన మోటారు షెడ్డు పక్కన వేసుకోండి. "పిల్లలకి చెరువు చూపిద్దామని వచ్చామన్నా, ఒక్క రాత్రి" అంటే మా వైపు కాదనేవాళ్ళు తక్కువ. మాట్లాడుకుని ఎంతో కొంత చేతిలో పెట్టండి, వద్దన్నా పెట్టండి. మోటారు ఉంటే నీళ్ళుంటాయి, షెడ్డు ఉంటే బల్బుంటుంది, ఆడవాళ్ళకి కాస్త మరుగు దొరుకుతుంది. అమ్మగారు టెంట్లో పడుకోలేకపోతే షెడ్డులో నులకమంచం ఎలాగూ ఉంటుంది. మీరు చూసే వీడియోల్లో ఎవరూ బాత్రూం గురించి చెప్పరు, కానీ ఇంట్లోవాళ్ళు మళ్ళీ రెండోసారి వస్తారా రారా అన్నది దాని మీదే ఉంటుంది.

టెంటు గురించి రెండు మాటలు. నలుగురికి అని రాసి ఉంటే ముగ్గురికి అని చదువుకోండి. కింద టార్పాలిన్ వేస్తారు కదా, దాని అంచు టెంటు కన్నా బయటికి రాకూడదు, వస్తే మంచు నీళ్ళు దాని మీద పడి టెంటు కిందికే చేరతాయి. లోపలికి మడిచేయండి. మా గరుసు నేలలో మీ టెంటుతో వచ్చిన సన్న మేకులు వంకర పోతాయి, నాలుగు లావు మేకులు కొనుక్కోండి, లేదంటే తాళ్ళు రాళ్ళకి కట్టండి. జనవరిలో పొద్దునకి లోపల గుడ్డ తడి తడిగా ఉంటే టెంటు కారుతోంది అని కొట్టువాణ్ణి తిట్టకండి, అది మీ ఊపిరి తేమే, పైన గాలి కిటికీ తెరిచి పడుకోండి.

దోమతెర జిప్పు మాత్రం పూర్తిగా వేసి ఉండాలి, దోమల కోసమే కాదు. మన దగ్గర నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి వచ్చేది కట్లపాము. అది కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, కొందరికి గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, అప్పుడు అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళకి పొద్దున రెప్పలు వాలుతుంటే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి, పాము మందున్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. కోసి రక్తం పీల్చడం, కట్టు బిగించడం, మంత్రం, ఏవీ వద్దు. ఇంకోటి స్క్రబ్ టైఫస్. అదొక జ్వరం, పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే సన్న పురుగు పిల్లలు కుడితే వస్తుంది, కుట్టినట్టు కూడా తెలియదు. గడ్డి మీద దుప్పటి పరిచి దొర్లకండి, పొదలకి బట్టలు ఆరేయకండి. ఇంటికెళ్ళిన వారం పది రోజుల తర్వాత ఎవరికైనా జ్వరం వచ్చి, చంకలోనో నడుం దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల పొక్కు కనపడితే డాక్టరుకి "ఫలానా రోజు తోటలో పడుకున్నాం" అని మీరే చెప్పండి. చెప్తే మందు తేలిక, చెప్పకపోతే జ్వరం ఏంటో తెలియక రోజులు గడిచిపోతాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, నేను ఇన్నేళ్ళుగా పడుకుంటూనే ఉన్నా.

తిండి సంగతికొస్తే గ్యాస్ స్టవ్ తెచ్చుకోండి, పుల్లలు ఏరి మంట వేయొద్దు, ఎందుకో దుర్గం దగ్గర చెప్తా. చేపలు పొద్దున తెప్ప ఒడ్డుకొచ్చినప్పుడు కొనండి, బొచ్చె దొరికితే బొచ్చె, జెల్లలు దొరికితే ఇంకా అదృష్టం. పులుసు చేయడం వస్తే రాత్రికే చేసి మూత పెట్టి పొద్దున తినండి. నెల్లూరు చేపల పులుసు వేడిగా తినేవాళ్ళని చూస్తే మా అమ్మకి జాలి. మామిడికాయ సంక్రాంతికి దొరకదు, చింతపండుతోనే కానివ్వండి.

రెండో రోజు హడావుడి లేదు. టెంటు ఆరబెట్టి, మధ్యాహ్నం బయల్దేరి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి. దారికి దగ్గర్లోనే ఏఎస్ పేట, నాయబ్ రసూల్ దర్గా ఉంది, హిందువులూ ముస్లింలూ ఇద్దరూ వెళ్తారు, మా అమ్మమ్మ మాకు ఒళ్ళు బాగోకపోతే అక్కడికే మొక్కుకునేది. అమ్మగారికి నచ్చుతుంది. సాయంత్రానికి ఉదయగిరి చేరి లాడ్జిలో దిగి తొమ్మిదికల్లా పడుకోండి. దుర్గం మీద టెంటు వేస్తే సూర్యోదయం బాగుంటుంది కదా అని మీ బాబు అంటాడు, వీడియోలు చూసి. వద్దు.

ఎందుకు వద్దో చెప్తా. ఈ కొండలన్నీ ఎర్రచందనం ఉన్న వెలిగొండలు. రాత్రిపూట అడవిలో టార్చి లైటు కదిలితే అటవీ శాఖవాళ్ళు దాన్ని టూరిస్టు టార్చి అనుకోరు, తప్పు వాళ్ళది కాదు. మంట, పుల్లలు ఏరడం కూడా అందుకే వద్దన్నా, మీ చేతిలో ఉన్నది ఏ కర్రో మీకు తెలియదు, వాళ్ళకి తెలుసు. రెండోది గుప్తనిధులు. కోటలో బంగారం ఉందని గునపాలు పట్టుకుని వచ్చేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు, గుళ్ళలో నేల రాళ్ళు లేచిపోయి ఉండేది చాలావరకు వాళ్ళ పుణ్యమే. ఒకసారి మా సంచిలో టెంటు మేకులు కొట్టే బుల్లి సుత్తి ఉండిపోయింది, పైన ఒక మేకల కాపరి దాన్ని చూసి మా ముఖాలు చూసి, "ఇంత చిన్నదాంతో ఏం తవ్వుతారు సామీ" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. మూడోది ఎలుగుబంట్లు. పొద్దున దారి మీద రేగు గింజలతో నిండిన పెద్ద పెంట కనపడితే అది వాటిదే, పగలు మామూలుగా తప్పుకుంటాయి, చీకట్లో ఎదురుపడితే తప్పుకోవు. పైన రాత్రి ఉండి తీరాలి అనుకుంటే అటవీ శాఖని అడిగి, వాళ్ళు ఔనంటే తెలిసిన మనిషితో వెళ్ళండి. పిల్లలతో మొదటిసారి మాత్రం వద్దు.

మూడో రోజు ఐదున్నరకల్లా కొండ కింద ఉండాలి. అమ్మగారు లాడ్జిలోనే ఉండనివ్వండి, ఎక్కగలను అన్నా వద్దనండి. కొండ సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైన ఉంటుంది, పిల్లలతో ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి రెండు. ఊళ్ళో ఒక మనిషిని దారి చూపడానికి మాట్లాడుకోండి, పొదలు పెరిగి దారి రెండు మూడు చోట్ల చీలుతుంది, ఫోన్లో మ్యాపు అక్కడ పనికిరాదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, బరువని తగ్గించకండి. పైన కోనేళ్ళలో నీళ్ళుంటాయి, తాగడానికి కాదు. పులిహోర పొట్లాలు, వేరుశనగ ఉండలు. నిండు ప్యాంటు, బూట్లు. సెంటు కొట్టుకోవద్దు. బండ చరియలకి కొండ తేనెపట్లు వేలాడుతుంటాయి, వాటి కింద అరుపులు, పొగ, రాళ్ళు విసరడం ఏవీ కుదరవు, మీ బాబుకి ఈ మాట కింద ఉన్నప్పుడే చెప్పండి. తేనెటీగలు లేస్తే ఫోటో తీస్తూ నిలబడకండి, తల మీద దుప్పటో తువ్వాలో కప్పుకుని వచ్చిన దారినే పరుగు.

ఇక కోట. పాత రికార్డుల లెక్కలో ఇది ఒక కోట కాదు, పదమూడు: కొండ మీద ఎనిమిది, కింద ఐదు. కొన్ని వైపుల కొండ నిట్టనిలువుగా వెయ్యి అడుగుల దాకా ఉంటుంది, ఎక్కడానికి వీలున్న ప్రతి దారికీ అడ్డంగా గోడ. మీరు ఎక్కుతూ ఆయాసంతో ఒక మలుపు తిరగ్గానే పైన గోడలో కన్నాలు సరిగ్గా మీ ఛాతీకి ఎదురుగా ఉంటాయి చూడండి, అక్కడ ఒక్క నిమిషం కూర్చుని బాబుని అడగండి, నువ్వు పైనుంటే కింద నుంచి వచ్చేవాణ్ణి ఎన్ని చోట్ల ఆపగలవు అని. కృష్ణదేవరాయలు ఒరిస్సా ఏలే గజపతుల మీద దండయాత్ర మొదలుపెట్టింది ఇక్కడే, కోట పట్టుబడేసరికి 1514, ఏడాదిన్నర పట్టింది. దగ్గరికి చేరడానికి పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి దార్లు వేయించాడని నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాశాడు. గజపతి దగ్గరి చుట్టాన్ని ఇక్కడే బందీగా పట్టుకున్నారు. ఇక్కడి గుళ్ళోంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు తన రాజధాని విజయనగరం, అంటే ఇప్పటి హంపీ, తీసుకెళ్ళి గుడి కట్టి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపీలో కృష్ణుడి గుడి అంటే అదే, మన ఉదయగిరి కృష్ణుడిది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మా మనవడికి ఇది చెప్తే "అయితే మనకేం మిగిలింది తాతా" అన్నాడు.

మిగిలింది పైన ఉంది. గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు మసీదు ఉంది, పారశీ శాసనాలతో. కూలిన గుళ్ళు, సమాధులు, కోనేళ్ళు. ఆర్కాటు నవాబుల కాలం దాటి జాగీరుగా ఉండి, 1839లో జాగీర్దారు తెల్లవాళ్ళ మీద కుట్ర చేశాడని ఆయన్ని చెంగల్పట్టు పంపేశారు, జాగీరు పోయింది. ఆ తర్వాత ఎవరికీ కోటతో పని లేకుండా పోయింది.

బాగు చేయడం గురించి అడిగారు కాబట్టి ఒక సంగతి. ఎక్కడ కోటకి వెళ్ళినా కొత్తగా పూసిన చోట గోరుతో చిన్నగా గీకి చూడండి. పాత గోడ గానుగ సున్నంతో కట్టినది, అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవాళ్ళు. ఆ సున్నం మెత్తన, లోపల చెమ్మ చిన్నగా దాంట్లోంచి బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూశారనుకోండి, చూడ్డానికి గట్టిగా, నున్నగా ఉంటుంది, చెమ్మకి దారి ఉండదు, లోపలే తిరిగి తిరిగి ఇటుకని తింటుంది. నాలుగేళ్ళకి సిమెంటు అట్టు అట్టుగా ఊడుతుంది, వెనక ఇటుక పిండైపోయి ఉంటుంది. నేనే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత తూము గోడ సందులకి సిమెంటు పూయించి (పాయింటింగ్ అంటాం) నాణ్యమైన పని అని సంతకం పెట్టా, పదేళ్ళ తర్వాత అటు పోయి చూసి సిగ్గుపడ్డా. అందుకే దుర్గం మీద ఎవరూ ఏమీ చేయలేదే అని మీకు కోపం వస్తే, తప్పుగా చేసేకంటే ఇదే నయం అని నాకనిపిస్తుంది. శిథిలం గోడల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి, పై వరస రాళ్ళకి సున్నం ఎప్పుడో కరిగిపోయింది, ఊరికే కూర్చుని ఉన్నాయంతే.

నీళ్ళు ఒక చోట, కోట ఒక చోట అన్నాను కానీ రెండిటికీ సంబంధం ఒకటుంది. ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు, కొండలకి అవతల పోరుమామిళ్ళలో చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు అని లెక్క రాయించాడు. చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు ఏవి, ఆరు దోషాలు ఏవి అని కూడా అందులోనే ఉంది. నేను ఉద్యోగంలో రాసిన ఎస్టిమేట్లలో ఏ ఒక్కటీ అంత శుభ్రంగా లేదు. ఆ చెరువులో ఇప్పటికీ నీళ్ళు నిలుస్తున్నాయి. మీకు ఇంకో రోజు ఉంటే అటు వెళ్ళొచ్చు. లేదంటే ప్రకాశం వైపు భైరవకోన, ఒకే బండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం, అమ్మగారు కూడా ఎక్కువ కష్టం లేకుండా చూడగలరు.

పదకొండు లోపు దిగడం మొదలుపెట్టండి, జనవరి ఎండే కదా అనుకోవద్దు, మధ్యాహ్నం ఆ బండలు పెనం అవుతాయి. దిగేటప్పుడే మోకాళ్ళు జారేది, పాపని మధ్యలో పెట్టుకోండి.

ఊళ్ళోకొచ్చాక భోంచేసి చెక్క గరిటెలు కొనండి. ఉదయగిరి చెక్క చెంచాలకి జీఐ గుర్తింపు (ఊరి పేరు మీద ఇచ్చేది) ఉంది, నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్రలతో చేస్తారు. చేసేచోట కూర్చుని చూడండి, ముల్లుగరిటె పళ్ళ మధ్య ఆకురాయి పెట్టి ఒక్కో పన్నూ రుద్దుతారు, పళ్ళు అగ్గిపుల్ల కన్నా సన్నం. బేరం ఆడకండి, ఆ పనికి ఆ రేటు తక్కువే. ఇంటికెళ్ళాక నానబెట్టొద్దు, కడిగి తుడిచి నెలకోసారి కాస్త వంటనూనె రాయండి, మా ఇంట్లో అట్లకాడ పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంది. అక్కడ నుంచి దుత్తలూరు, వింజమూరు, కలిగిరి మీదుగా కావలి, కావలి నుంచి హైవే, చీకటి పడేసరికి ఒంగోలు.

ఒక్క సంగతి మిగిలింది, తేదీ. మన జిల్లాకి వానలు అందరితో పాటు జూన్‌లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను ఆలస్యంగా వస్తే జనవరి మొదట్లో కూడా నేల ఆరదు, తోటల్లో కారు దిగబడుతుంది. బయల్దేరే వారం ముందు ఇక్కడే ఒక మాట రాయండి, సోమశిలలో నీళ్ళు ఎంత ఉన్నాయో, లోపలికి ఎంత వస్తోందో పాత స్నేహితులకి ఫోన్ చేసి కనుక్కుని చెప్తా. వస్తున్నది ఐదు వేల క్యూసెక్కులు దాటి ఉంటే టెంటు ఇంట్లో పెట్టేసి రెండు రాత్రులూ ఉదయగిరి లాడ్జిలోనే ఉండండి.